గాజు బీరువా పక్కన చిన్న చీటీ

పన్నెండు కావడానికి ఇంకా ఏడు నిమిషాలుంది. పదండి, పదండి. ఆ దంతపు కుర్చీలు తర్వాత చూద్దురుగాని, అవెక్కడికీ పోవు. ఇప్పుడు గడియారం దగ్గర చోటు పట్టుకోకపోతే మళ్లీ గంటసేపు కాచుక్కూర్చోవాలి. తీరా కూర్చున్నా ఒంటిగంటకి మోగేది ఒక్క దెబ్బే. పన్నెండు దెబ్బలూ వినాలంటే ఇదే అదను.

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఈ వేళకి జనం ఎలా ఉంటారో చూడండి! కొంగు నడుముకి చుట్టిన అమ్మమ్మలు, పిల్లల్ని భుజాలకెత్తుకున్న నాన్నలు, టీచరు చెప్పిన వరస ఎప్పుడో తప్పేసిన బడిపిల్లలు. అందరి కళ్లూ కుక్ అండ్ కెల్వీ వాళ్ల ఆ పాత గడియారం మీదే. అందులో ఒక బుల్లి కమ్మరి సుత్తితో సెకన్లు కొడుతూనే ఉంటాడు, అలుపనేది లేదు వాడికి. వేళ కాగానే చిన్న తలుపు తెరుచుకుని ఇంకో బుల్లి మనిషి బయటికొస్తాడు. టంగు టంగుమని లెక్కప్రకారం గంట కొట్టి లోపలికి వెళ్లిపోతాడు. అంతే. దానికి ఇంత జనం. నేనెన్నిసార్లు చూశానో లెక్కలేదు. రేపు తీసుకెళ్తానంటే రేపూ వస్తాను.

సరే, ఇప్పుడొక్కసారి వెనక్కి తిరగండి. అదిగో, ఆ మూల నోటుపుస్తకం పట్టుకుని ఒకమ్మాయి నిలబడింది. గడియారం వంక చూడ్డం లేదు, మన వంక చూస్తోంది. ఎవరు ముందొచ్చారు, ఎవరెక్కడ ఆగారు, గంట మోగాక ఎటు వెళ్లారు, పక్కనున్న బోర్డు ఎవరైనా చదివారా, అన్నీ రాసుకుంటోంది. ఆ పిల్ల నాకు తెలుసు. మా గోడ పక్కింటి పిన్నిగారి అమ్మాయి. డాక్టరేటు చేస్తోంది. దేంట్లో అంటారా? మ్యూజియంలు మనతో ఎలా మాట్లాడతాయి, మనల్ని ఎలా ఒప్పిస్తాయి అన్న దాంట్లో.

మొన్న గోడ మీద మోచేతులానించి పిన్నిగారు నన్నడిగారు. "ఏమ్మా, రాయీ రప్పా మాట్లాడ్డమేంటి? దానికి ఐదేళ్ల చదువా?"

"ఐదేళ్లేంటి పిన్నీ, ఒక జన్మ చాలదు" అన్నాను. ఓదార్పుకి అన్న మాట కాదది. నిజంగా చాలదు. కూర్చోండి, చెప్తాను. తొందర పడకండి, పన్నెండు దెబ్బలూ అయిపోయాయిగా.

ఈ చదువులో సగం పేరు రెటరిక్. పేపర్లవాళ్లు ఈ మాటని ఉత్త గాలికబుర్లు అనే అర్థంలో వాడేసి దాని పరువు తీశారు గానీ, 2300 ఏళ్ల కిందట అరిస్టాటిల్ పనిగట్టుకుని పుస్తకం రాసిన విద్య అది. ఎదుటివాళ్లని ఒప్పించే విద్య. మనకి అలంకారశాస్త్రం ఉంది కదా అంటారేమో. ఉంది, కాదనను. కానీ అది కావ్యం చుట్టూ తిరుగుతుంది. ఇది సభ చుట్టూ, కోర్టు చుట్టూ, బజారు చుట్టూ తిరుగుతుంది. బత్తాయిల బండివాణ్ణి చూడండి. నిగనిగలాడేవన్నీ పైవరసలో, ఎండ తగిలేచోట పేరుస్తాడు. నలిగినవి అడుక్కి. నోరు విప్పకుండానే మీచేత రెండు కిలోలు కొనిపించాడా లేదా? అదే రెటరిక్. పేర్పు కూడా మాటే.

ఇంకా ఇంటి దగ్గరికి రండి. చిన్నప్పుడు చేతిలోంచి గాజుగ్లాసు జారితే అమ్మతో ఏమన్నారు మీరు? "అమ్మా, గ్లాసు పగిలిపోయింది." అంతేకదా? "పగలగొట్టాను" అన్న పిల్లాడు ఈ తెలుగునేల మీద ఇంకా పుట్టలేదు. పాపం గ్లాసే పుణ్యం కట్టుకుని దానంతటది పగిలింది! ఈ 'పగిలిపోయింది'ని కొంగున ముడేసుకుని ఉంచండి. దీంతో లండన్ దాకా పని ఉంది మనకి.

ముందు సంక్రాంతి సంగతి తేల్చేద్దాం. మీ ఇంట్లో బొమ్మల కొలువు పెడతారుగా? (దసరాకి పెడతారా? సరే, అదైనా సరే.) మెట్లు బేసిసంఖ్యలో వేసి, తెల్లపంచె పరిచి, పైమెట్టు మీద ఎవర్ని పెడతారు? రాముడు, కృష్ణుడు, కొండపల్లి దశావతారాలు. వాళ్ల కింద రాజు, అంబారీ ఏనుగు. ఇంకా కింద పెళ్లి మేళం. అట్టడుగు మెట్టు మీద కూరగాయలమ్మి, కల్లుగీసేవాడు, ఎడ్లబండి. పెద్దమ్మాయి ఓ ఏడు కల్లుగీసేవాణ్ణి తీసి పైమెట్టు మీద పెట్టిందనుకోండి. ఇంట్లో అందరూ ఒక్కసారి "అదేంటే!" అంటారు. ఎందుకంటారు? బొమ్మ అదే, మెట్టు మారింది. మెట్టు మారితే మాట మారింది. మ్యూజియం చదువు చదివేవాళ్లు చేసేదల్లా ఇదే. మెట్లు చదువుతారు. ఆ రకంగా చూస్తే మన ముత్తవ్వలందరూ క్యూరేటర్లే.

మీకే బాల్ అని ఒక డచ్చావిడ ఉన్నారు. మొదట ఆవిడ పని కథలు. కథ ఎలా నడుస్తుంది, ఎవరి కళ్లతో నడుస్తుంది అని పుస్తకాలు రాశారు. తర్వాత ఆవిడ దృష్టి మ్యూజియం మీద పడింది. గదిలోంచి గదిలోకి నడిపించడం కూడా కథ చెప్పడమే కదా! 1992లో న్యూయార్క్ గురించి ఒక వ్యాసం రాశారు. ఊరి మధ్యలో సెంట్రల్ పార్క్. దానికి ఇటు తూర్పున మెట్రోపాలిటన్ మ్యూజియం, అటు పడమట నేచురల్ హిస్టరీ మ్యూజియం. ఒకదాంట్లో కళ. రెండోదాంట్లో చచ్చినా బతికున్నట్టే నిలబెట్టిన ఏనుగులు, పక్షులు. ఇక్కడే ఉంది కిటుకు. ఆసియావాళ్లు, ఆఫ్రికావాళ్లు, అమెరికా ఆదివాసులు ఎక్కడున్నారనుకుంటున్నారు? ఏనుగులున్న బంగళాలో. యూరప్‌వాళ్ల చిత్రాలు పార్కుకి అవతల. ఏ గోడ మీదా "వీళ్లు తక్కువ" అని ఎవరూ రాయలేదు. రాయనక్కర్లేదుగా, మెట్టు చెప్తోంది!

ఆ నేచురల్ హిస్టరీ మ్యూజియం గుమ్మం ముందు 1940 నుంచి ఒక కంచు విగ్రహం ఉండేది. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ గుర్రమెక్కి ఉంటాడు. అటొక ఆదివాసీ, ఇటొక ఆఫ్రికా మనిషి కాలినడకన. దాన్ని 2022 జనవరిలో తీసేశారు. ఎవరు గుర్రం మీద, ఎవరు నేల మీద అని అడిగే జనం ఎక్కువయ్యారు కాబట్టి తీశారు. పిన్నిగారికి ఈ సంగతి చెప్తే "మరి ఇన్నేళ్లూ చూసినవాళ్లకి కళ్లు లేవా?" అన్నారు. కళ్లుంటాయి పిన్నీ. చూడ్డం నేర్పేవాళ్లు కూడా ఉండాలి.

మన దేశంలో అలా నేర్పిన మనిషి కవితా సింగ్. నాకు చాలా ఇష్టమైన మనిషి, అందుకని ఇక్కడ కాస్త ఎక్కువసేపు కూర్చుంటాను, ఏమనుకోకండి. 1964లో పుట్టారు. ముందు ఇంగ్లిష్ సాహిత్యం చదివి, తర్వాత బరోడాలో కళాచరిత్ర చదివి, ఢిల్లీ జేఎన్‌యూలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పారు. మొఘల్ చిత్రాల మీద ఎంత రాశారో, మ్యూజియంల మీద అంత రాశారు. ఢిల్లీ అక్షరధామ్‌ని కూడా వదల్లేదు. 2018లో ఇన్ఫోసిస్ బహుమతి వచ్చింది. 2023లో వెళ్లిపోయారు. ఇంకో ఇరవయ్యేళ్లు రాయాల్సిన మనిషి.

ఆవిడ మన నేషనల్ మ్యూజియం పుట్టుక కథ చెప్పిన తీరు చూడండి. 1947 చలికాలం. దేశానికి అప్పుడే స్వాతంత్ర్యం వచ్చింది. లండన్‌లో రాయల్ అకాడమీ వాళ్లు భారతదేశపు కళ మీద పెద్ద ప్రదర్శన పెట్టారు. మన మ్యూజియంలన్నీ తలా కొన్ని శిల్పాలు అరువిచ్చాయి. ప్రదర్శన అయిపోయింది, ఓడెక్కి సామాను తిరిగొచ్చింది. ఎవరిది వాళ్లకి పంపేయాలి కదా? పంపే ముందు మనవాళ్లూ చూడాలిగా అని 1948లో ఢిల్లీలో, ఇప్పటి రాష్ట్రపతి భవన్‌లోనే పెట్టారు. పెళ్లికి అరువు తెచ్చుకున్న నగలు ఒంటికి అందంగా కనబడితే ఏమవుతుందో మీకు చెప్పాలా? ఆ సామానునే పునాది చేసుకుని 1949 ఆగస్టు 15న అదే భవనంలో నేషనల్ మ్యూజియం మొదలైంది, రాజాజీ చేతుల మీదుగా. ఇప్పుడున్న భవనాన్ని 1960 డిసెంబర్‌లో మన రాధాకృష్ణన్‌గారు తెరిచారు.

రాజప్రతినిధి కాపురమున్న దర్బారు గదుల్లో బుద్ధుడూ నటరాజూ వచ్చి నిలబడడం! మాట్లాడకుండా ఎంత మాట అన్నట్టు! దేశం మాదయింది అని అంతకంటే గట్టిగా ఇంకెలా చెప్తారు? కవితా సింగ్ అంతటితో ఆగలేదు. మెట్లు చదివారు. రాతిశిల్పాలకి కాలక్రమంలో ఒక పొడుగాటి వరస దక్కింది, చూస్తుంటే ఏకంగా దేశచరిత్రే నడిచివస్తున్నట్టుంటుంది. మొఘలుల నాటివేమో నగలు ఒకచోట, బట్టలు ఒకచోట, కత్తులు ఒకచోట. విడివిడిగా అన్నీ ఉన్నాయి. కలిసి ఒక కాలంగా కనబడవు. బొమ్మలన్నీ కొలువులోనే ఉన్నాయి, మెట్టే లేదు.

ఆవిడా సలోనీ మాథుర్ అనే మరో పండితురాలూ కలిసి 2015లో ఒక పుస్తకం తెచ్చారు. దక్షిణాసియా మ్యూజియంల మీద. పేరు ఇంగ్లిష్‌లో ఉంది గానీ మన తెలుగులోకి వచ్చాక దాని అందం చూడండి: ముట్టరాదు, ఉమ్మరాదు, మొక్కరాదు! ఏం ప్రాస కుదిరిందండీ! ఇంగ్లిష్‌వాళ్లకి ఈ అదృష్టం లేదు. మొదటి రెండూ సరే, భద్రత, పరిశుభ్రత. మూడోదే అసలు మెలిక. దేవుడి బొమ్మని తెచ్చి, ఎత్తైన దిమ్మ మీద నిలబెట్టి, దీపకాంతి లాంటి లైటు వేసి, మొక్కొద్దంటే ఎలా కుదురుతుంది? మ్యూజియంలో వినాయకుడి ముందు గబుక్కున చెంపలేసుకుని, అటూ ఇటూ చూసి, ఏమీ ఎరగనట్టు ముందుకెళ్లిన పెద్దాయన్ని నా కళ్లారా చూశాను. చీటీ మీద 'గ్రానైట్, 12వ శతాబ్దం' అనుంది. ఆయన చీటీ చదవలేదు. ఆయనకి వినాయకుడు కనబడ్డాడు.

గుళ్లో ఉంటే దేవుడు. మ్యూజియంలో ఉంటే శిల్పం. మరి కోర్టులో ఉంటే? నవ్వకండి, ఇది జరిగింది. తమిళనాడులో పత్తూరు అనే ఊళ్లో 1976లో ఒక నటరాజ విగ్రహం మట్టిలోంచి బయటపడింది. చేతులు మారి మారి చివరికి కెనడా కంపెనీ ఒకటి కొనుక్కుంది. దాన్ని బాగుచేయించడానికి బ్రిటిష్ మ్యూజియంకి పంపితే లండన్ పోలీసులు పట్టుకున్నారు. కేసు నడిచింది. కేసు వేసినవాళ్లలో సాక్షాత్తూ శివుడున్నాడు! మన చట్టం ప్రకారం దేవుడికి ఆస్తి ఉంటుంది, దావా వేసే హక్కూ ఉంటుంది. 1988లో లండన్ హైకోర్టు మనవైపే తీర్పు చెప్పింది. 1991లో స్వామి దేశానికి తిరిగొచ్చాడు. ఒకే కంచు. దుకాణంలో సరుకు, మ్యూజియంలో కళ, కోర్టులో వాది, ఊళ్లో దేవుడు. ఈ నాలుగు మాటల మధ్య నడిచే దారి మీద బతుకంతా నడవొచ్చంటే అబద్ధమా?

ఇక కొంగుముడి విప్పండి. గ్లాసు పగిలిపోయింది కదా? ఇప్పుడు లండన్ వెళ్తున్నాం.

తెలుగులో 'బడు' అని ఒక ప్రత్యయం ఉంది. ఇంట్లో ఎవరూ వాడరు. "పప్పు వండబడింది, రండి" అని ఏ తల్లీ పిలవదు. కానీ మ్యూజియంలోకి అడుగుపెట్టగానే ఎక్కడ చూసినా బడుబడుబడు. తవ్వబడినది. సేకరింపబడినది. తరలింపబడినది. ఎవరు తవ్వారు? ఎవరు తరలించారు? ఎవర్నడిగి? చీటీ చెప్పదు. రాయి దానంతటదే లేచి, దులుపుకుని, ఓడెక్కి వెళ్లి, గాజు బీరువాలో కూర్చుంది. గ్లాసు పగిలినట్టే!

మన అమరావతి సంగతే తీసుకోండి. ఆ స్తూపం దిబ్బని ఊళ్లోవాళ్లు దీపాలదిన్నె అనేవారు. ఎంత మంచి పేరండీ! 1790ల్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు అమరావతిలో కొత్తగా ఊరు కట్టిస్తుంటే ఇటుకల కోసం దిబ్బ తవ్వారు. చెక్కిన పలకలు బయటపడ్డాయి. ఆ కబురు విని కంపెనీ దొర కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1845లో గుంటూరులో ఉన్న ఇంకో కంపెనీ దొర వాల్టర్ ఇలియట్ తవ్వించి, పలకల్ని మద్రాసు చేర్పించాడు. అవి 1859లో లండన్ ఓడెక్కాయి. 1880 నుంచి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, 120కి పైగా. ఇలియట్ తవ్వించకపోతే కొన్ని సున్నపుబట్టీలోకి పోయేవే, ఆ మాట కూడా చెప్పుకోవాలి.

మరి వాటికి పెట్టిన ముద్దుపేరు తెలుసా? 'ఇలియట్ మార్బుల్స్'. ఈ రెండు మాటల మీద పిన్నిగారి అమ్మాయి గంటసేపు మాట్లాడగలదు, నేను రెండు నిమిషాల్లో ముగిస్తాను. మార్బుల్ అంటే చలువరాయి. ఇది చలువరాయి కాదు, మన పల్నాటి సున్నపురాయి. మరెందుకా పేరు? గ్రీసు నుంచి ఎల్గిన్ ప్రభువు పట్టుకొచ్చిన 'ఎల్గిన్ మార్బుల్స్' అప్పటికే లండన్‌లో గొప్పగా చెలామణీలో ఉన్నాయి. వాటి పక్కన ఇవీ గొప్పవే అనిపించాలి. మంచిదే. కానీ ఆ పేరులో చెక్కినవాడు లేడు, ఊరు లేదు, కృష్ణ లేదు, బుద్ధుడు లేడు. ఇలియట్ ఒక్కడే ఉన్నాడు. రెండే మాటలు! ఒక మాట రాయిని మార్చేసింది, రెండోది ఊరిని మార్చేసింది.

ఆ పలకల్లో ఒకదాని దగ్గరికి మాత్రం మిమ్మల్ని లాక్కెళ్లాల్సిందే. స్తూపం మీద పెట్టిన పలక మీద స్తూపం బొమ్మే చెక్కారు! గుండ్రటి అండం, దాని మీద పూలదండల్లా వేలాడే చెక్కడం, ముందు అయిదు ఆయక స్తంభాలు వరసగా, గుమ్మం దగ్గర కంబాల మీద కూర్చున్న సింహాలు, చుట్టూ తామరపూల ప్రాకారం, పైన గాల్లో ఎగిరొస్తున్న దేవతలు. ఇవాళ అమరావతిలో మిగిలింది దిబ్బ. అది ఒకప్పుడెలా ఉండేదో మనకి చెప్తున్నది ఈ పలక. ఇంకో వింత. దీన్ని వెనక్కి తిప్పితే అవతల ఇంకో చెక్కడం ఉంది, ఇంతకంటే వందల ఏళ్ల పాతది. బోధివృక్షం, కింద ఖాళీ సింహాసనం, దణ్ణం పెడుతున్న మనుషులు. అంటే మన శిల్పులు పాతపలకని పారేయకుండా తిరగేసి మళ్లీ చెక్కారన్నమాట. మనింట్లో పిల్లలు నోటుపుస్తకం వెనకవైపు నుంచి రాసుకోరూ? అలాగ. చీటీ ఎంతసేపూ ఒక వైపే చెప్తుంది. చదువుకున్నవాళ్లు వెనకవైపుకి వెళ్లి చూస్తారు.

లండన్ దూరమంటారా? చెన్నై ఎగ్మూరు వెళ్లండి, అమరావతి అక్కడా దండిగా ఉంది. తమిళులు ఆ మ్యూజియానికి పెట్టిన పేరు సెత్త కాలేజ్. చచ్చిన కాలేజీ! గడ్డికుక్కిన జంతువులుంటాయి కదా, అందుకని. జూకి పెట్టిన పేరు ఉయిర్ కాలేజ్, ప్రాణమున్న కాలేజీ. తమాషా ఏంటంటే ఆ జూ 1855లో పుట్టింది ఈ మ్యూజియం ఆవరణలోనే. జనం పెట్టే పేరులో ఉండే సూటిదనం ఏ పండితుడికొస్తుంది?

ఆ చచ్చిన కాలేజీలో నలగిరి ఏనుగు ఉంది. గుండ్రటి అమరావతి పలక, ఒకే ఫలకంలో ఏనుగు రెండుసార్లు. ఒకపక్క మదమెక్కి వీధిలో మనుషుల్ని తొక్కుకుంటూ పోతోంది, మేడ కిటికీల్లోంచి ఆడవాళ్లు గుండెలరచేత పట్టుకుని చూస్తున్నారు. రెండోపక్క అదే ఏనుగు బుద్ధుడి కాళ్ల దగ్గర మోకరిల్లింది. మధ్యలో గీత లేదు. మనం చూపు కాస్త పక్కకి జరిపేలోపు కోపం కరిగిపోయింది. ఒప్పించే విద్యకి ఇంతకంటే మంచి పాఠం నేనైతే చూడలేదు.

అన్నట్టు, ఒప్పించే విద్యకి పాతకాలం గురువులు అయిదు అంగాలు చెప్పారు. ఏం చెప్పాలి, ఏ వరసలో చెప్పాలి, ఏ మాటల్లో చెప్పాలి, ఎలా గుర్తుపెట్టుకోవాలి, ఎలా పలకాలి. ఈ నాలుగోదాని వెనక భలే కథ ఉంది. సిమొనిడిస్ అని గ్రీకు కవి. ఒక విందులో ఉండగా ఎవరో పిలిచారని బయటికొచ్చాడు. వెనకాల కప్పు కూలిపోయింది. లోపలున్నవాళ్లెవరో గుర్తుపట్టలేనంతగా నలిగిపోయారు. ఈయనేమో ఎవరెక్కడ కూర్చున్నారో వరసగా తలుచుకుని అందర్నీ గుర్తుపట్టేశాడు. చోటుని బట్టి జ్ఞాపకం! అప్పట్నుంచి వక్తలు మనసులో ఒక మేడ కట్టుకుని, గదికొక సంగతి పెట్టి, గదులు తిరుగుతూ ఉపన్యాసం చెప్పేవారట. ఆ మేడని ఇటుకలతో కడితే మ్యూజియమే కదండీ! అవధానాలు చూసిన మనకి ధారణ గొప్పతనం ఎవరూ చెప్పక్కర్లేదు.

షేక్స్‌పియర్ పండితుడు స్టీఫెన్ గ్రీన్‌బ్లాట్ కూడా మ్యూజియం మీద వ్యాసం రాశాడు. వస్తువు మనల్ని రెండు రకాలుగా పట్టుకుంటుందంటాడు. ఒకటి, చూడగానే కాళ్లు నేలకి అంటుకుపోవడం. రెండోది, ఆ వస్తువు వెనకున్న లోకమంతా లోపల మెల్లగా మోగడం. అది చదివి నేను కుర్చీలోంచి లేచాను. మొదటిది మన అద్భుతరసం! రెండోదానికి మన ఆలంకారికుల దగ్గర అచ్చంగా మాట ఉంది: అనురణనం. గంట కొట్టాక గాల్లో మిగిలే మోత. ఆనందవర్ధనుడు ధ్వని గురించి చెప్తూ వాడిన పోలిక అదే. పన్నెండో దెబ్బ అయ్యాక కూడా జనం ఓ క్షణం కదలరు చూశారా? అదీ.

అమెరికాలో రెటరిక్‌కి ఏకంగా యూనివర్సిటీ శాఖలే ఉన్నాయి. అక్కడి ముగ్గురు పండితులు వయోమింగ్‌లో కోడీ అనే ఊరికి పోయి బఫెలో బిల్ అనే ప్రదర్శనకారుడి పేరిట ఉన్న మ్యూజియంని గదిగదీ చదివారు. ఆదివాసుల నేల గుంజుకున్న కథ అక్కడ సర్కస్ ఆటలా ఎలా మారిపోయిందో, నెత్తురెలా మాయమైందో 2005లో రాశారు. ఉన్నది చూడ్డం అందరికీ వచ్చు. లేనిది చూడ్డం నేర్చుకోవడానికే ఆ ఐదేళ్లు, పిన్నీ.

కాళ్లు నొప్పులు పుడుతున్నాయా? దాని మీద కూడా చదువుంది! బోస్టన్ మ్యూజియంలో బెంజమిన్ గిల్మన్ అనే ఆయన 1916లోనే మ్యూజియం అలసట మీద వ్యాసం రాశాడు. ఒక మనిషిచేత బీరువాల ముందు వంగించి, గొంతుక్కూర్చోబెట్టి ఫోటోలు తీయించాడు. తప్పు మన కాళ్లది కాదు, బీరువా పెట్టినవాళ్లదని తేల్చాడు. ఆయనకో దణ్ణం.

చివరికి నా మనసులో మాట. ఒక మ్యూజియంలో చూశాను. ఓ రైతు, ఆయన మనవడు. పిల్లాడు చీటీ కూడబలుక్కుని చదువుతున్నాడు. 'ప్రతిష్ఠింపబడియున్న' దగ్గర ఆగిపోయాడు. తాత "పద నాయనా" అన్నాడు. గుమ్మం దగ్గర కాపలా ఉన్నతను లేచొచ్చాడు. "ఇది మన ఊళ్ల రాయే పెద్దాయనా. ఇదిగో, ఈ గీత చూడు, ఉలి జారిన గీత. చెక్కినాయన చెయ్యి ఇక్కడ కాస్త వణికింది" అన్నాడు. తాత వంగి, కళ్లు చికిలించి, ఆ గీతనే చాలాసేపు చూశాడు. ఇంకో పదిమంది మూగారు. చీటీ చెయ్యలేని పని అతని నోరు చేసింది. చీటీలు రాసేవాళ్లకి నా విన్నపం ఒక్కటే. ఆ కాపలా అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని రాయండి. ఎవరు చెక్కారో, ఎవరు తవ్వారో, ఎవరు పట్టుకెళ్లారో కర్తతో సహా రాయండి. బడు తీసేయండి. పిన్నిగారి అమ్మాయి చదువైపోయాక అలాంటి ఉద్యోగంలో చేరితే నేనే పాయసం వండుతాను.

మీరు మాత్రం ఈసారి సాలార్‌జంగ్ వెళ్తే గడియారం అయ్యాక ముసుగు రెబెక్కా దగ్గరికి వెళ్లండి. బెంజోనీ అనే ఇటలీ శిల్పి చెక్కాడు. అది నిజంగా చలువరాయే. రాతిలోంచి రాతిముసుగు, ముసుగులోంచి మొహం. ముందు బొమ్మని చూడండి. తర్వాత చీటీ చదవండి. ఆ తర్వాత ఓ రెండడుగులు వెనక్కేసి, ఆ బొమ్మని ఏ గదిలో, దేని పక్కన పెట్టారో చూడండి. ఇంటికొచ్చి నాకు చెప్పండి. శుక్రవారం మాత్రం వెళ్లకండి. ఆ రోజు మ్యూజియానికి సెలవు.